పప్పు డబ్బాలో స్పానరు

మంగాదేవి శ్రీరంగాన్ని మొదటిసారి చూసింది కారు వెనక అద్దంలో. చూసి బ్రేకు నొక్కింది. కారు తీరిగ్గా వెనక్కి వెళ్ళి, అతని మోటారు సైకిలును పడగొట్టి, దాని మీద ఒక చక్రం పెట్టి అప్పుడు ఆగింది.

"బ్రేకు వేశానండీ," అంది దిగి.

"వేస్తే ఆగాలి గదండీ."

"ఆగింది గదా."

"ఆగింది. నా బండి మీద."

అతను ఆ పొద్దునే వాళ్ళ ముందు గదిలో అద్దెకు దిగాడు. ఊరు భద్రాచలం దగ్గర చర్ల. నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం. అతనికి తాత పేరు పెట్టారు, ఆమెకు నానమ్మ పేరు. రెండు పేర్లూ పక్కపక్కన అచ్చేస్తే షష్టిపూర్తి పత్రికలా ఉంటుందని మంగాదేవి తల్లి రామసుబ్బమ్మ ఆ రోజే అనుకుంది. పక్కపక్కన ఎందుకు అచ్చేయాల్సి వచ్చిందో ఆవిడనే అడగాలి.

కారు తండ్రి భీమశంకరానిది. జగదల్‌పూర్ బజారులో ఆయనకు బట్టల దుకాణం. కారు పద్దెనిమిదేళ్ళ నాటి ఇటలీ కంపెనీ చిన్న బండి, అందుకని ఇంట్లో దాని పేరే ఇటలీ. ఊళ్ళో మెకానిక్కులు దాని బానెట్ ఎత్తి, ఒకసారి చూసి, మళ్ళీ మర్యాదగా దించేసేవారు. అమ్మేయమంటే ఆయన వినడు. భద్రాచలం దారిలో దర్భా ఘాట్ కొండ మలుపుల్లో బస్సెక్కితే ఆయనకు పొద్దున తిన్నదే కాదు, ముందు రోజుది కూడా బయటికొస్తుంది. ఇటలీ లేకపోతే ఆయన లోకం జగదల్‌పూర్ పొలిమేరలోనే ఆఖరు.

ఒప్పందం కుదిరింది. మోటారు సైకిలు వీళ్ళు బాగుచేయించాలి, ఆదివారాలు కారు సంగతి అతను చూడాలి.

కారు సామాన్లు విశాఖ నుంచి కిరండూల్ రైల్లో వచ్చేవి. మంగాదేవి సహాయకురాలిగా చేరింది. రెండు నెలల్లో బెల్టు మార్చారు, రేడియేటరు గొట్టాలు మార్చారు. ఇంజన్ మొదటిసారి సాఫీగా మోగిన రోజు రేకుల షెడ్డు మీద వాన దంచుతుంటే ఇద్దరూ ఆ శబ్దం వినడానికి దగ్గరగా జరగాల్సి వచ్చింది. విన్నాక మళ్ళీ దూరం జరగడం ఎవరికీ గుర్తు రాలేదు.

మిగిలింది బ్రేకులు. రెండు గంటల పని. అయిదు నెలలు పట్టింది.

బ్రేకు ఆయిల్ పోసి, గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపాలి. ఒకరి వల్ల కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు మూడుసార్లు నొక్కి, కాలు తీయకుండా పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నిపుల్ అనే చిన్న మరను విప్పాలి. బుడగలతో ఆయిల్ బయటికొస్తుంది. నిపుల్ బిగించి, వదలమన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలంతా మళ్ళీ లోపలికి పోతుంది.

మంగాదేవి ముందే తీసేది.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నా."

"మరి గాలెట్ల దూరింది?"

"మీ ఇటలీని అడగండి."

"ఇటలీ మీది."

అప్పటికి వెలుతురు తగ్గేది. సరే, పైవారం. ఇంకో వారం పదో నంబరు స్పానరు కనపడేది కాదు. అది వంటింట్లో కందిపప్పు డబ్బాలో ఉండేది. ఒకరోజు పప్పు తీయబోతే రామసుబ్బమ్మ చేతికి తగిలింది. ఆవిడ దాన్ని తీసి చూసి, కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి, పైన ఇంకో గుప్పెడు పప్పు పోసి మూత పెట్టింది.

ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది. భీమశంకరం చాలాసేపు ఆలోచించి, కుర్రాడు మంచోడే అన్నాడు. చర్ల వెళ్ళి అతని వాళ్ళను అడుగుదామన్నాడు. అయితే పిల్ల సంబంధం మాట్లాడటానికి బస్సులో కక్కుకుంటూ పోవడం ఆయనకు ఇష్టం లేదు. కిరాయి బండిలో దిగడం అంతకంటే ఇష్టం లేదు. మన ఇటలీలో, ఆ పిల్లాడు బాగుచేసిన బండిలోనే వాళ్ళ గుమ్మం ముందు దిగుదాం, అందాకా పిల్లలకు చెప్పొద్దు అన్నాడు. ఏడో నెలలో ప్రతి ఆదివారం ఆయన కిటికీలోంచి చూసి, ఇంకా కాలేదా అని నిట్టూర్చేవాడు.

ఆ నెల ఆఖరి ఆదివారం శ్రీరంగం తన స్పానరు తనే తెచ్చుకున్నాడు.

మంగాదేవికి అదే నచ్చలేదు. మూడు చక్రాలు గంటలో అయిపోయాయి. మాటల్లేవు. నాలుగో చక్రం దగ్గర పడుకున్నవాడు పక్క అద్దంలో కనిపిస్తున్నాడు, మొహం తప్ప.

"ఇవ్వాళ ఎందుకంత తొందర?" అంది పెడలు నొక్కి పట్టుకుని.

అతను నిపుల్ విప్పుతూ, వచ్చే నెల పదకొండున తన పెళ్ళని చెప్పాడు. అమ్మ మాటిచ్చేసిందట. పత్రికలు కూడా అచ్చయ్యాయట.

ఆమె కాలు పెడలు మీదే ఉంది.

"మిమ్మల్ని అడగలేదా?"

"అడిగింది. మనసులో ఎవరన్నా ఉన్నారా అని."

"ఏమన్నారు?"

"మీరేమంటరో తెల్వక, లేరన్నా."

"నన్నడిగితే తెలిసేది."

"బండి అయిపోయినరోజు అడుగుదామనుకున్నా. మల్ల అయిపోతే ఆదివారాలుండవని…" కారిన ఆయిల్ గుడ్డతో తుడిచాడు. "విశాఖ నుంచి మూడుసార్లు తప్పు సైజు బ్రేకు కిట్టు వచ్చింది గదా. నేనే తెప్పించిన."

ఆమెకు నవ్వు రాబోయింది. స్పానరు ఎక్కడుండేదో చెబుదామనుకుంది. ఇప్పుడు చెప్పి చేసేదేముంది?

సరిగ్గా అప్పుడే భీమశంకరం బయటికొచ్చాడు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, తమలపాకులు.

"చక్రాలన్నీ అయినయంట గదా. నడువుండ్రి, చర్ల పోదం," అన్నాడు. ఆ తరువాత, సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకులా, "మీవోళ్ళతోని ఒక మాట మాట్లాడేదుంది బాబూ," అన్నాడు.

చక్రం దగ్గర చప్పుడాగిపోయింది.

మంగాదేవి పెడలు వదిలేసింది. నిపుల్ ఇంకా బిగించలేదు. గొట్టంలో గాలి బుస్సుమని లోపలికి పోయింది.

"ఇంకా కాలేదు నాయనా. గాలి దూరింది. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

అయిదు నెలల్లో ఎన్నోసార్లు చెప్పిన మాటే. ఇంతకు ముందెప్పుడూ నోరు చేదెక్కలేదు.

భీమశంకరం కండువా సర్దుకున్నాడు. "చాలు, ఇంకెన్ని దినాలు? నేను ఆగలేను. బస్సుకే పోదం. కక్కితే కక్కుతా, ఏంది ఇప్పుడు?"

అంత మాట ఆయన తన సొంత పెళ్ళికి కూడా అని ఉండడు.

శ్రీరంగం లేచి నిలబడ్డాడు. మోచేతుల దాకా నలుపు. జేబులో పెళ్ళి పత్రిక పసుపు పూసిన మూలలు కనిపిస్తున్నాయి, కానీ ఆ చేతులతో తీయలేడు. నోరు విప్పడమూ అతనికి చేతకాలేదు. ఏడు నెలల్లో ఆ కారులో అతను విప్పలేని బోల్టు లేదు.

మంగాదేవి కారు దిగింది. అతని జేబులోంచి పత్రిక తీసి, తండ్రి పళ్ళెంలో తమలపాకుల మీద పెట్టింది.

ఆయన నిలబడే చదివాడు. రెండు పేర్లున్న చోట కళ్ళు ఆగాయి. మళ్ళీ చదివాడు.

"ముందే అడగకపోతిని," అన్నాడు ఎవరితోనో. "బండి బాగైనంక పోదమని ఉంటిని."

శ్రీరంగం తన స్పానరు గుడ్డలో చుట్టుకుని గేటు దాకా వెళ్ళి ఆగాడు. ఎవరూ పిలవకపోతే వెళ్ళిపోయాడు.

రామసుబ్బమ్మ లోపలికి వెళ్ళి వచ్చింది. కూతురి చేతిలో పదో నంబరు స్పానరు పెట్టింది. దానికి ఇంకా పప్పు పొట్టు అంటుకుని ఉంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని, చూపులు తిప్పుకున్నారు.

"నాయనా, సీట్లో కూచో," అంది మంగాదేవి.

"నాకేం తెల్వదే."

"మూడుసార్లు నొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు."

ఆయన పళ్ళెం బానెట్ మీద పెట్టి, జరీ కండువాతోనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె చక్రం దగ్గర నేల మీద పడుకుంది. నేల ఇంకా వెచ్చగా ఉంది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్న బిడ్డా."

నిపుల్ విప్పింది. బుడగలు, బుడగలు, తరువాత నికార్సైన ఆయిల్. ఆమె బిగించింది. వదలమనడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

అందాకా ఆయన కాలు తీయలేదు.