కనకవల్లి చేతిలో వాలుగ దవడ

అత్తగారు సుభద్రమ్మ తనతో మాట్లాడడం మానేసి ఆ ఆదివారానికి పద్నాలుగు నెలలు... పద్మకుమారి లెక్కపెట్టుకోని రోజు లేదు!

మావగారు పోయిన నాడు పద్మకుమారి పొందూరులో లేదు. జబ్బుపడ్డ తండ్రిని చూడడానికి కూతురు దీపికను తీసుకుని చీపురుపల్లి వెళ్ళింది. కబురు అంది తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే సుభద్రమ్మ, “నా మనిసి గొంతులో నీళ్ళు పొయ్యడానికి కోడలు నేకపోయింది” అని మొహం తిప్పుకుంది. అదే ఆఖరి మాట. ఎందుకు ఆలస్యమైందో ఆవిడ అడగలేదు. అడగనిది చెబితే వంక పెట్టినట్టు ఉంటుందని పద్మకుమారీ చెప్పలేదు... విశాఖలో పనిచేసే భర్త నెలకోసారి వచ్చి ఇద్దరికీ నచ్చజెప్పి, విసిగి వెళ్ళిపోయేవాడు.

ఒకే వసారాలో ఉండి, “మీ అమ్మతో సెప్పు, పులుసులో ఉప్పు నేదని” అనేది అత్తగారు. “ఏసినానని నాన్నమ్మతో సెప్పు” అనేది కోడలు. మధ్యలో దీపిక. పదో తరగతి చదువుతున్న ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పదు. ఏం తోచినా డైరీలో రాసుకుంటుంది.

ఆ ఇద్దరూ దగ్గరగా కూర్చునేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. సుభద్రమ్మ వాలుగ చేప దవడ పళ్ళతో గింజ మీది పత్తిని దువ్వుతుంది. పద్మకుమారి రాట్నం తిప్పుతుంది. దీపిక వారపత్రికలో సీరియల్ చదివి వినిపిస్తుంది. పద్మకుమారికి చదువు రాదు, అత్తగారికి చూపు ఆనదు. పట్నంలో బ్యాంకు ఆఫీసరు ఇంట్లో అత్త కనకవల్లి, కోడలు సులోచన పడే తగువుల కథ అది. కథ రక్తి కట్టిన చోట రెండు చేతులూ ఒకేసారి ఆగేవి. ఆ ఒక్క గంట కోసం పద్మకుమారి వారమంతా ఎదురుచూసేది!

ఆ ఆదివారం కథలో సులోచన పుట్టింటి నుంచి వస్తోంది. మావగారికి ప్రాణం మీదికొచ్చింది. తుఫాను గాలికి చెట్టు కూలి, రైలు పొలాల మధ్య ఆగిపోయింది. సులోచన పిల్లను చంకనెత్తుకుని దిగిపోయింది. కంకర రాళ్ళ మీద, వానలో, పట్టాల వెంట నడిచింది. చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేసింది...

పద్మకుమారి చేతిలో నూలు పుటుక్కున తెగింది. ఆ చెప్పులు తనవి! ఆగిన రైలూ, పట్టాల వెంట నడకా తనవే. ఆ సంగతి తనకూ, ఆ రోజు తన చేయి పట్టుకుని నడిచిన కూతురికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పత్రికలోకి ఎలా వచ్చింది?

దీపిక తలెత్తకుండా చదువుతోంది. “ఇంటి దగ్గర కనకవల్లి, భర్త మంచం పక్కన కూర్చుని, చేతికి ఏదో ఒక పని లేకపోతే గుండె ఆగిపోతుందని వాలుగ దవడతో పత్తి దువ్వుతూ గుమ్మం వైపే చూస్తోంది...”

“ఆగే గుంటా” అంది సుభద్రమ్మ. “కనకవల్లి బేంకీ ఆఫీసరు పెళ్ళాం. దానికి వాలుగ దవడెక్కడిదే?”

సుభద్రమ్మ చేయి చాచి పుస్తకం లాక్కుంది. పాత పత్రిక అట్టలోంచి నోటుబుక్కు కాగితాలు వసారా అంతా రాలిపడ్డాయి.

అప్పుడు బయటపడింది. పత్రిక మూతపడి నాలుగు నెలలైంది. కథ సగంలోనే ఆగిపోయింది. చదవడం ఆగితే మీరిద్దరూ ఒకచోట కూర్చోరని భయమేసిందని, అందుకే మిగతాది తానే రాస్తున్నానని చెప్పి, దీపిక మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చింది.

పద్మకుమారికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట అత్తగారు, “రాసినావిడికి జొరమొచ్చినాదేటి? కనకవల్లి ఇంత మెత్తగా మాటాడదు” అని విసుక్కోవడం... ఆ వారమంతా దీపిక కుళాయి దగ్గర నాన్నమ్మ పక్కనే నిలబడి, ఆవిడ ఎవరిని ఎలా తిడుతుందో డైరీలో రాసుకోవడం... తరువాతి వారాల్లో కనకవల్లి నోటికి మళ్ళీ పదును రావడం! మొదట్లో ఎక్కడికక్కడ తెగి, ముడులు పడి, చివరికి ఉంగరంలో దూరే బట్టకు నూలు తీసిన తన చేతులు గుర్తొచ్చాయి. ఈ పిల్ల ఎవరో అల్లిన మనుషులను అరువు తెచ్చుకుని రాయడం నేర్చుకుంది! ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు అనలేని మాటలన్నీ మౌనంగా వింటూ కూర్చుంది! పద్మకుమారి కన్నకూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

కాగితాల మీద సుభద్రమ్మ చేయి తడుముతోంది. మావగారు పోయిన రోజు ఆవిడ చేతిలో నిజంగానే వాలుగ దవడ ఉందని ఇరుగుపొరుగు దీపిక ముందే చెప్పుకున్నారు. ఆవిడ నిజంగానే గుమ్మం వైపే చూసింది. ఆవిడ మొహం కోడలి వైపు తిరిగింది.

“నడిసొచ్చినావా?”

పద్నాలుగు నెలల తరువాత మొదటి మాట!

“పట్టాలెంట వచ్చినానత్తా... ఏరే దారి కనపడనేదు.”

“మరి సెప్పవేటి?”

“నువ్వు అడగనేదు గదా.”

సుభద్రమ్మ ఏడవలేదు. కాగితాలు ఒక్కొక్కటే ఏరి, తిరగబడ్డాయో లేదో తెలియకుండానే ఒద్దికగా పేర్చి, మనవరాలి ఒళ్ళో పెట్టింది.

“వచ్చే వారం కనకవల్లి సేత వెంటనే కోడల్ని కావిలించుకునేలా రాయకు” అంది. “దానికి సిగ్గుంటాది. ముందు ఏదో ఒకటి అడుగుతాది.”

దీపిక కళ్ళు తుడుచుకుంటూ ఏం అడుగుతుందని అడిగింది.

సుభద్రమ్మ దువ్విన పత్తిని పక్కన పెట్టింది. దీపిక వైపు చూడలేదు. “మీ అమ్మతో సెప్పు” అనీ అనలేదు.

“పద్మా, గొంతెండిపోనాది” అంది. “కాసిన్ని నీళ్ళియ్యి.”