మూడో పాస్‌వర్డ్

నీళ్ల ప్లాంటు కంట్రోల్ ఇంజనీరును లిఫ్టులో కాల్చి చంపారు. జేబులో పర్సు జేబులోనే ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం పోయింది.

"చనిపోయింది మీ చిన్నాన్న. రూలు ప్రకారం ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు చీఫ్. "అయినా ఇస్తున్నాను."

గూఢచారి డిపార్ట్‌మెంటులో ఆమెను అందరూ మొండిఘటం అంటారు. చీఫ్ ముందు ఆమె ఏడవలేదు. ఏడుపు ఎక్కడికీ పోదు, ఇంటికెళ్లాక తీరిగ్గా ఏడవచ్చు.

"వాళ్లకేం కావాలి సార్?"

"ప్లాంటులో కంట్రోలర్ పెట్టె పాస్‌వర్డ్. ఊరి నీళ్లలో క్లోరిన్ ఎంత కలపాలో పంపులకు చెప్పేది ఆ పెట్టే. అందులో ప్రోగ్రామ్ మార్చారంటే, కుళాయి తిప్పినవాళ్లు మంచినీళ్లనుకుని విషం తాగుతారు. పాస్‌వర్డ్ మీ చిన్నాన్న ఒక్కడికే తెలుసు. నీకు చెప్పి పోయాడని నేనే పుకారు పుట్టించాను. మన ఆఫీసులో కూడా అందరూ నమ్మారు."

"నాకు తెలియదు సార్."

"ఆ సంగతి మనిద్దరికే తెలుసు."

"అంటే నేను ఎర."

"తోడుగా అత్తరు వస్తాడులే."

అత్తరు ఆఫీసుకంతటికీ అందగాడు. మనిషికంటే ముందు సెంటు వాసన గదిలోకి వస్తుంది. గూఢచారికి అంత ఖరీదైన సెంటు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడగవలసింది.

సాయంత్రం ఆమె ఖాకీ చొక్కా, హెల్మెట్, చేతిలో టెస్టర్‌తో ఎలక్ట్రీషియన్‌లా కంట్రోల్ రూములోకి వెళ్లింది. పంపులు హోరుమంటున్నాయి. కుర్చీ వీపున చిన్నాన్న స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. దాన్ని చూడగానే ఆమెకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

"ప్రెషర్ ఎంతుంది?" వెనకనుంచి కోడ్ మాట.

"మీటర్ చూసి చెబుతాను," అని జవాబు కోడ్ చెప్పి తిరిగింది. అత్తరు చేతిలో పిస్టల్ ఆమె గుండెకు గురిపెట్టి ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ సెంటు పూసుకుని మరీ తిరిగినా ఎవరూ పట్టలేదు. ఆమె చొక్కా గుండీలో మైకు ఉంది. అది వినవలసినవాడు ఎదురుగానే నిలబడ్డాడు.

అతను చిన్నాన్న ల్యాప్‌టాప్ తెరిచి, కేబుల్ ప్యానెల్‌కు తగిలించాడు.

"ఆరింటికి నీళ్లు వదులుతారు. ఇంకా పావుగంటే ఉంది. పాస్‌వర్డ్ కొట్టు."

"ఇంత తెలివైనవాడివి, నువ్వే కొట్టలేకపోయావా?"

"పొద్దున రెండుసార్లు కొట్టాను. మీ పిన్ని పేరు, వాళ్ల పెళ్లిరోజు. రెండూ తప్పే. మూడోది కూడా తప్పితే మొత్తం లాకైపోతుంది. నువ్వింకా బతికున్నది అందుకే."

ఆమెకు నవ్వొచ్చింది. చిన్నాన్నకు పెళ్లిరోజు ఏనాడూ గుర్తుండేది కాదు. ఏటా పిన్ని అలిగేది. ఆయనకు గుర్తున్నదల్లా ఆ పెట్టే. అన్నం తింటూ కూడా దాని గొప్పలే చెప్పేవాడు. 'మూడు తప్పులైతే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరవదమ్మా. పని మాత్రం ఆపదు.'

"చెప్పకపోతే?" అంది.

"మీ చిన్నాన్న కూడా ఇలాగే మాట్లాడాడు."

"మా వంశానికది జబ్బు."

ఆమె చిన్నాన్న కుర్చీలో కూర్చుంది. ఒక్కో అక్షరమే నింపాదిగా కొట్టింది. 'దొంగవెధవ'. ఎంటర్.

ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగింది. సైరన్ మోగింది. పంపుల హోరు మాత్రం మారలేదు.

"ఏం చేశావ్?"

"తలుపు మూశాను. నీకూ, నాకూ, నిన్ను కొన్నవాళ్లకూ. ఇప్పుడు నన్ను చంపినా ఊరికి మంచినీళ్లే వెళ్తాయి. కాల్చుకో."

అత్తరు కళ్లు తెరవైపు తిరిగాయి. ఆ రెప్పపాటులో ల్యాప్‌టాప్ లేచి అతని మణికట్టుకు తగిలింది. గుండు పైకప్పులో దిగింది. సైరన్ విని పరుగెత్తుకొచ్చిన ఫోర్‌మన్ చేతిలో పైపు రెంచి ఉంది. మిగతా పని అతను చూసుకున్నాడు.

ఆరింటికి ఊళ్లో కుళాయిలు ఎప్పటిలాగే వచ్చాయి. చీఫ్ ఎర్రదీపం వంక చూసి తల గోక్కున్నాడు.

"ఇప్పుడీ లాకు ఎవరు తీస్తారు?"

"ఆ పెట్టె తయారుచేసిన కంపెనీవాళ్లను పిలిపించండి. కొత్త పాస్‌వర్డ్ పెడతారు." ఆమె స్వెట్టర్ మడిచి భుజాన వేసుకుంది. "ఈసారి అది నిజంగానే నాకు చెప్పండి సార్. తెలిసినదాన్ని ఎలాగైనా దాచొచ్చు. తెలియనిదాన్ని దాచడమే ప్రాణం మీదికొస్తోంది."