ఇరవై నిమిషాల ఆలస్యం

2001 ఏప్రిల్‌లో శామీర్‌పేట చెరువుకి ఇవతల ఓ ఆసామి క్రికెట్ మైదానం వేయించాడు. పిచ్ చదును చేయడానికి బొల్లారం నుంచి పాత రాతి రోలరు తెప్పించాడు. దాన్ని లాగే నలుగురు కూలీల్లో మా నాయిన సిద్దిరాములు ఒకడు.

రోలరు మీద చెక్కిన పేరు నాకు తెలుసు. కెప్టెన్ ఆల్డెన్. లైబ్రరీలో అతని పటాలం చరిత్ర చదివాను. ఇంగ్లండులో పంతొమ్మిదేళ్లకే సెంచరీలు కొట్టాడట. బ్యాటు వదిలి కత్తి పట్టాడట. బొల్లారం కంటోన్మెంటుకి వచ్చి, మండుటెండల్లో మనవాళ్లతో పిచ్‌లు తొక్కించి, చివరికి నూట ఇరవై ఏళ్ల కిందటి అఫ్గాన్ యుద్ధంలో చచ్చాడు. అతని పరుగులు ఒక్కటి కూడా పోకుండా రాశారు. మధ్యలో ఒక్క వాక్యం: "రోలరు కింద కూలీ పడటంతో ఆట ఇరవై నిమిషాలు ఆలస్యమైంది."

అంతే. పేరు లేదు! చరిత్ర నిర్మాతలు శ్రమజీవులే అని గోడల మీద రాసేవాణ్ణి నేను. ఆ పుస్తకాన్ని అక్కడే చింపేయాలనిపించింది.

మిట్టమధ్యాహ్నం సద్ది తీసుకుని వెళ్లాను.

"ఆపు నాయినా. గా రాయి మనిషిని మింగింది."

"మింగితే మింగింది తీ. నీ మీటింగు ముచ్చట్లు ఈడ సెప్పకు," నాయిన నవ్వాడు. "తడి ఆరకముందే తొక్కాలె."

గాలి ఆగిపోయింది. గడ్డి పరక లేని ఆ ఎర్రనేల మీద కోసిన పచ్చగడ్డి వాసన. ఎక్కడో దూరంగా చప్పట్లు... మెత్తగా, చేతులకి తొడుగులున్నట్టు.

రోలరు వేగం పెరిగింది. ముగ్గురు తాళ్లు వదిలి ఉరికారు. నాయిన వదల్లేదు. నలుగురు లాగితేగానీ కదలని రాయి ఒక్కడి మడమల వెంట దొర్లుతోంది.

"తాడిడువు నాయినా!"

"సాబ్ ఆపమనలే..."

గొంతు నాయినది కాదు.

మూరెడు దూరం. జానెడు... బెత్తెడు...

నాకొచ్చిన నినాదాలన్నీ అరిచాను. ఏ జిందాబాద్‌కీ అది ఆగలేదు. చివరికి ఛాతీ విరిచి, దొరలాగా, ఇంగ్లీషులో అరిచాను.

"స్టాప్!"

ఆగింది. చప్పట్లూ ఆగాయి.

నాయిన తాడు వదిలి తల వంచాడు. "జీ సాబ్."

ఇంటికొచ్చాక నా ముందు కూర్చోలేదు. నన్ను కన్న అవ్వ బుచ్చవ్వ అన్నం పెడితే, "సాబ్ తిన్నంక," అన్నాడు.

ఒళ్లు మండింది. "కూసో!" అని గద్దించాను. నాలోంచి వచ్చిన ఆ గొంతుకి అవ్వ ఉలిక్కిపడింది.

నాయిన అట్లాగే నిలబడ్డాడు.

ఆయన పక్కనున్న ఖాళీ నులకమంచం మాత్రం కిర్రుమంది. పుస్తకంలో పేరు లేనివాడెవడో నా మాటకి కూర్చున్నట్టు, మధ్యలో, మెల్లగా... కుంగింది.