కొసరుగా వచ్చిన డేటాబేస్

"ప్లంబర్ అంటే మీరేనా?"

కంప్యూటర్ ముందున్న కుర్రాడు తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి. చేతిలో కాగితాల కట్ట, ముఖంలో చిరాకు.

"నేనేనండి. కాకపోతే కుళాయిలు బాగుచెయ్యను."

"ఆ మాత్రం తెలుసు. మీ అసలు పేరు అడిగితే ఈ అంతస్తులో ఒక్కరూ చెప్పలేదు."

అది సరుకుల రవాణా కంపెనీ. అక్కడ ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రాము ఒకటి, గోదాము చూసుకునేది ఒకటి, లారీల రాకపోకలు చూసేది ఇంకొకటి. తోడికోడళ్ళలాగా వాటికి ఒకదానితో ఒకటి మాటల్లేవు. మధ్యలో నిలబడి ఇటు కబురు అటు, అటు కబురు ఇటు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను మిడిల్‌వేర్ అంటారు. దాని మంచిచెడ్డలు చూసేవాడు కనుక అతను ప్లంబర్ అయ్యాడు. ఆ అమ్మాయి కింది అంతస్తులో ఒప్పందాలు చూడటానికి కొత్తగా చేరింది. చేరిన వారానికే లాయరమ్మ అయిపోయింది.

లాయరమ్మ కాగితాలు బల్లమీద పెట్టింది. "మీ మిడిల్‌వేర్ అమ్మినవాళ్ళు లైసెన్సు షరతులు మార్చారు. దాంతోపాటు ఒక డేటాబేస్ కూడా ఇచ్చారటగా?"

"ఇచ్చారు. కొసరుగా."

"ఆ కొసరును ఇకమీదట మిడిల్‌వేర్ ఒక్కటే వాడుకోవాలట. వేరే ఏ ప్రోగ్రాము అందులో వేలు పెట్టినా విడిగా లైసెన్సు తీసుకోవాలి. దాపరికం చేస్తే ఒప్పందం రెన్యువల్ చెయ్యరు. చదవండి."

ప్లంబర్ చదివాడు. ఒక్కటే వాక్యం పేజీ సగందాకా పాకింది. చివరికి చేరేసరికి మొదట ఏముందో మర్చిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ మర్చిపోయాడు.

"ఇది ఏ భాషండి?"

"నా భాష. నిన్న మీటింగులో మీవాళ్ళు మాట్లాడింది కూడా నాకు అచ్చం ఇలాగే వినబడింది."

"అయితే ఇద్దరికీ చెల్లు."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఆ ఆపుకోవడం దగ్గరే ప్లంబర్ పని అయిపోయింది.

ఆ వారమంతా ఇద్దరూ కిటికీ పక్కనున్న చిన్నగదిలో కూర్చున్నారు. ఆమె షరతులను అరటిపండు ఒలిచినట్టు చెప్పేది. అతను తెల్లబోర్డుమీద గీతలు గీసి, గీసినవాటిలో తనే చిక్కుకుపోయేవాడు. "ఈ బాణం ఎటు పోతోంది?" అని ఆమె అడిగితే చూసి చెప్పాల్సి వచ్చేది. బయట ముసురు పట్టి వదలడం లేదు. పని ముందుకు సాగిందో లేదో అతనికి తెలియదు గానీ, సాయంత్రం ఎందుకింత తొందరగా వస్తోందో మాత్రం అర్థంకాలేదు.

ఒక సాయంత్రం వాన తగ్గేదాకా ఇద్దరూ ఆఫీసు వాకిట్లో నిలబడ్డారు. తను అక్కా బావలతో ఉంటున్నాననీ, అక్క చేతిలోనే పెరిగాననీ అతను చెప్పుకొచ్చాడు. ఆమె వింటూనే ఉంది. ఇంతలో ఫోను వచ్చింది. పక్కకు వెళ్ళి, "సరే సార్, ఇవాళే," అని పెట్టేసి వచ్చింది.

"ఒక్క మాట అడుగుతాను. సూటిగా చెప్పాలి."

"అడగండి."

"ఇంకెవరైనా ఉన్నారా?"

ప్లంబర్ గుండె జారి చెప్పుల్లో పడింది. ఆమె కనురెప్పమీద చినుకొకటి నిలిచి ఉంది.

"ఎవరూ లేరండి."

"ఖాయమేనా?"

"ఒట్టు. ఇంతకుముందు కూడా ఎవరూ లేరు."

ఆమె కొంచెం వింతగా చూసింది. "వెనకటి సంగతి వదిలెయ్యండి. ఇప్పుడు లేకపోతే చాలు."

వాన తగ్గకుండానే ఇంటికి వెళ్ళి, తల తుడుచుకోకుండానే అక్కతో చెప్పాడు.

"ఇప్పుడు లేకపోతే చాలు అందా?" అక్క తువ్వాలు అతని మొహాన విసిరింది. "గట్టిపిల్లేరా."

మర్నాడు ప్లంబర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కింది అంతస్తుకు వెళ్ళాడు. "కాఫీకి వెళ్దామా?"

"ఇప్పుడెందుకు? పనైపోయిందిగా," అంది లాయరమ్మ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "మీ మాటమీద నిన్ననే సంతకం పెట్టి మిడిల్‌వేర్ వాళ్ళకు జవాబు పంపేశాను."

"ఏ మాట?"

"అందులో మిడిల్‌వేర్ తప్ప ఇంకెవరూ లేరన్నారుగా."

అతనికి ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. ఆ తర్వాత అంతా ఒక్కసారే తెలిసింది. క్యాంటీన్. భోజనం టోకెన్ల కోసం ఎప్పుడో ఒక చిన్న ప్రోగ్రాము తనే రాసిపెట్టాడు. చోటు ఖాళీగా ఉంది కదాని దాని వివరాలన్నీ ఆ కొసరు డేటాబేస్‌లోనే పడేశాడు.

"ఆ జవాబు తప్పండి," అన్నాడు పీలగా. "క్యాంటీన్ ఉంది."

ఆమె కుర్చీ తిప్పి చూసింది. "మరి నిన్న ఒట్టేసి మరీ చెప్పారే?"

అతను ఇస్త్రీ చొక్కా అంచు నలపడం మొదలుపెట్టాడు.

"నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను," అంది ఆమె. "కంపెనీ తరఫున అబద్ధం రాసినట్టయింది. వాళ్ళు రెన్యువల్ ఆపేస్తే నన్ను ఉంచుతారా?"

ప్లంబర్ తిన్నగా మేనేజరు గదికి నడిచాడు. వెనకాలే ఆమె కూడా వచ్చింది.

"ఈవిడ తప్పేమీ లేదు సార్. అడగాల్సింది అడిగారు. తప్పు చెప్పింది నేను."

సంగతంతా విని మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "క్యాంటీన్ ప్రోగ్రాము రాసిందే నువ్వు. ఎవరైనా ఉన్నారా అంటే లేరని ఎలా చెప్పావయ్యా?"

"డేటాబేస్ గురించి అనుకోలేదు సార్."

"మరి దేని గురించి అనుకున్నావు?"

లాయరమ్మ కూడా అతనివైపే చూస్తోంది. ఎంత వెతికినా సమయానికి ఒక్క అబద్ధమూ దొరకలేదు.

"నా గురించి సార్. నా మనసులో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారనుకున్నాను."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"ఇంతకీ, ఆ జవాబైనా నిజమేనా?"

"నిజమే సార్."

"సరే. అది వాళ్ళకు రాయక్కర్లేదు. క్యాంటీన్ సంగతి మాత్రం రాయండి."

లాయరమ్మ నేలచూపులు చూస్తూ, "సవరణ ఇప్పుడే పంపుతాను సార్," అని వెళ్ళిపోయింది.

అవతలివాళ్ళు సవరణ ఒప్పుకున్నారు. రెన్యువల్ లోపు క్యాంటీన్‌ను అక్కణ్ణించి ఖాళీ చేయించమన్నారు. ఊరికే దొరికే వేరే డేటాబేస్ ఒకటి పెట్టి, ప్లంబర్ టోకెన్లన్నీ అందులోకి మార్చాడు. పాతచోట ఏమీ మిగల్లేదని కళ్ళారా చూడాలంటూ ఆమె రోజూ వచ్చి పక్కన కూర్చునేది. పని మాటలే మాట్లాడేది. కోపంగా లేదు, కోపం లేనట్టూ లేదు.

"కోపమా?" అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

"దేనికి?"

"అదే..."

"ఏది?"

"ఏం లేదండి."

చివరి పట్టిక ఖాళీ అయిన రోజున ఆమె లేచి నిలబడి, చున్నీ సర్దుకుంటూ అంది. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్న చూస్తారట."

"డేటాబేస్‌నా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

"నిన్నురా మొద్దూ," అంది అక్క, ఇంట్లో సంగతంతా విని. "నేనూ వస్తున్నాను పద. నిన్నొక్కణ్ణే పంపితే ఏం విని వస్తావో."

ఆ అమ్మాయి నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళ మాటల్లో కూడా అచ్చుతప్పులు వెతుకుతున్నట్టు నిదానంగా వింటాడు.

"మేనేజరు ముందు అలా చెప్పేశావట. ఇంకేదో చెప్పి తప్పుకోవచ్చుగా బాబూ?"

"ఏమీ తట్టలేదండి."

"పోనీ, నోరు మూసుకుని ఊరుకుంటే?"

"తన ఉద్యోగం పోయేదండి."

పెద్దాయన తలాడించాడు. తర్వాత అక్కా ఆయనా మోకాళ్ళనొప్పుల గురించి, ఇంటి అద్దెల గురించి, పైవాటా వాళ్ళ కుక్క గురించి మాట్లాడుకున్నారు. పెళ్ళి ఊసే రాలేదు. ప్లంబర్‌కు ఒకసారి వాళ్ళవైపు, ఒకసారి గుమ్మంలో నిలబడ్డ ఆమెవైపు చూసి చూసి మెడ పట్టేసింది. లేచేటప్పుడు పెద్దాయన అక్కతో, "అయితే మీ ఆయన్ని తీసుకుని మళ్ళీ వస్తావన్నమాట," అన్నాడు. "వస్తాం బాబాయిగారూ," అంది అక్క. ఉన్నట్టుండి ఈ బాబాయి ఎక్కణ్ణించి వచ్చాడో అతనికి బోధపడలేదు.

మెట్లు దిగాక, "ఏమన్నారక్కా? ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?" అన్నాడు.

"నన్నడుగుతావేం? అడగాల్సిన మనిషి అదుగో," అని అక్క ముందుకు నడిచిపోయింది.

వీధి తలుపు దగ్గర లాయరమ్మ నిలబడి ఉంది. అతను రెండడుగులు వెనక్కి వచ్చాడు.

"నాకు మీరంటే ఇష్టం," అంది ఆమె. "ఆ రోజు మేనేజరు గదిలోంచి బయటికొచ్చినప్పటినుంచీ. మిమ్మల్నే పెళ్ళి చేసుకుంటానని నాన్నకు చెప్పాను. సరేనన్నారు. అర్థమైందా, బోర్డుమీద గీసి చూపించాలా?"

వాన లేదు, ఉరుము లేదు, వీధిలో ఎవరూ లేరు. ఒక్కొక్క మాటా విడివిడిగా, స్పష్టంగా వినబడింది.

"అర్థమైంది," అన్నాడు ప్లంబర్. అని, "ఇంకొక్కసారి చెప్పండి," అన్నాడు.

ఆమె చెప్పింది.