సున్నా దాకా ఆగుతానన్న అబ్బాయి

బట్టల కొట్టు షోకేసులో ఒక యువకుడు బొమ్మను కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

బొమ్మ ఒంటిమీద పసుపుపచ్చ రెయిన్‌కోటు ఉంది. కుడిచెయ్యి మాత్రం లేదు. అది యువకుడి చేతిలో ఉంది.

రోడ్డుకు అవతల కళ్లద్దాల కొట్లో ఓ పెద్దాయనకు కళ్లు పరీక్ష చేస్తున్న అమ్మాయి ఈ దృశ్యం చూసింది. "మీరు కింది లైను చదువుతూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని ఆయన్ని కుర్చీలోనే వదిలేసి, వానలో పరుగెత్తుకుంటూ రోడ్డు దాటింది.

"ఏమండీ! ముందు ఆమెని వదలండి."

"వదిలితే పడిపోతుందండీ."

"అంత ప్రేముంటే చెయ్యెందుకు విరగ్గొట్టారు?"

"నేను విరగ్గొట్టలేదు. కోటు తొడుగుతుంటే దానంతటదే ఊడొచ్చింది. పాపం, ఒక్క మాట కూడా అనలేదండీ. ఎంత ఓర్పో..." అంటూ అతను మళ్లీ బావురుమన్నాడు.

తాగాడేమోనని ఆమె అనుమానంగా గాలి పీల్చి చూసింది. జిగురు వాసన తప్ప ఇంకేం రాలేదు.

"ఒంట్లో బాగుందా మీకు?"

"బాగుందండీ. బాగుంది కాబట్టే మాత్రల డోసు తగ్గించారు. తగ్గించినప్పుడల్లా కొన్నాళ్లు కన్నీళ్లు ఇలా చవకైపోతాయి. డాక్టరుగారు ముందే చెప్పారు. మీరు కంగారుపడకండి."

కంగారుపడుతున్నది తను కాదనబోయి, ఆమె తన చున్నీ కొస అందించింది. అతను తన తడి కళ్లజోడు అలాగే ఉంచుకుని, దాంతో బొమ్మ ముఖం తుడిచాడు.

ఆమెకు నవ్వు ఆగలేదు. తిరిగి వెళ్లేసరికి పెద్దాయన కింది లైను ముగించి, ఆ అక్షరాల అట్ట అచ్చువేసిన ప్రెస్సు పేరు దాకా చదివేశాడు.

*

ఆ యువకుణ్ని వీధంతా 'షోకేసు' అనే పిలిచేవారు. బొమ్మలకు బట్టలు తొడిగి, నిలబెట్టి, దీపాలు సర్దడం అతని పని. ఒకప్పుడు అతను గడప దాటలేకపోయేవాడు. నలుగురు కనబడితే గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. ప్రాణం పోతోందనుకుని ఎన్నోసార్లు ఆసుపత్రికి పరుగెత్తాడు. మాత్రలే అతన్ని మళ్లీ రోడ్డుమీదికి తెచ్చాయి. కుదుటపడి చాలాకాలం అయ్యాక, అతనూ మానసిక వైద్యురాలూ కూర్చుని మాట్లాడుకుని, మెల్లగా తగ్గించుకుంటూ రావాలని నిర్ణయించుకున్నారు.

కళ్లద్దాల కొట్టు అమ్మాయి రోజూ కాఫీ వేళకు షోకేసు దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

"ఇవాళ దేనికి ఏడ్చారు?"

"జిప్పుకండీ. పైదాకా వచ్చి, సరిగ్గా మెడ దగ్గర ఆగిపోయింది."

"నిన్న?"

"నిన్న మా ఓనరు 'ఆఖరి పీసు' అని బోర్డు పెట్టాడు. ఆఖరిదటండీ! మిగతావన్నీ వెళ్లిపోయాయి, అదొక్కటే ఉండిపోయింది."

"ఎవరైనా కొన్నారా?"

"నేనే కొన్నా. ఆడపిల్లల గౌను. ఎనిమిదేళ్ల సైజు."

ఆమె కాఫీ పొలమారి దగ్గింది. అతను కంగారుగా వీపు తట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసి, పక్కనున్న బొమ్మ వీపు తట్టాడు. ఆ క్షణం నుంచి అతనికి నిద్ర కరువైంది.

"డాక్టరుగారూ, డోసు తగ్గించింది పడలేదేమో" అన్నాడు మర్నాడు వైద్యురాలితో. "గుండె దడ, అరచేతుల్లో చెమట, ఆకలి లేదు. ఊరికే నవ్వొస్తోంది."

"ఎప్పుడెప్పుడు?"

"కాఫీ వేళకి."

"మిగతా వేళల్లో?"

"కాఫీ వేళ ఎప్పుడవుతుందా అనిపిస్తోంది."

ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ఎదురుగా ఎవరుంటారు?"

అతను చెప్పాడు.

"అయితే అది నా డిపార్ట్‌మెంటు కాదు. ఆ కన్నీళ్లు మాత్రం నావే. అవి తగ్గేదాకా ఇదే డోసు మీద నిలబడు. కిందికి ఒక్కో మెట్టే. కాలు జారుతోందనిపిస్తే ఒక మెట్టు పైకి వద్దాం, అందులో సిగ్గేం లేదు. సొంతంగా మాత్రం ఏ మార్పూ చెయ్యకు. సరేనా?"

"సరేనండి" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకునేవాడే. మధ్యలో బాబాయి లేకపోతే.

బాబాయి అతనితో పాటే ఉంటాడు. మనిషి మంచివాడు, సలహాలే చెడ్డవి. విషయం విని తొడ చరిచాడు.

"మాత్రలు మింగేవాడికి పిల్లనెవరిస్తార్రా? ఇంకా నెలలు నెలలు ఏం తగ్గిస్తావు? విల్‌పవర్ ఉండాలి! నేను సిగరెట్లు ఎలా మానేశాను? ఒక్కసారిగా!"

"నువ్వు మానలేదు కదా బాబాయ్."

"మానిన ప్రతిసారీ ఒక్కసారిగానే మానాను!"

ఆ తర్కం అతనికి ఎలా నచ్చిందో గానీ, మాత్రల డబ్బా తీసి బీరువా పైన పెట్టేశాడు. డాక్టరుకు చెప్పలేదు. ఆ అమ్మాయికీ చెప్పలేదు.

మొదట బాగానే ఉంది. ఈల కూడా వేశాడు. ఆ తర్వాత మొదలైంది. తల తిప్పితే చాలు, లోపల ఎవరో కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు జివ్వుమనేది. నేల ఊగేది. కళ్లు మూస్తే పిచ్చి పిచ్చి కలలు, తెరిస్తే చిరాకు. ఓనరు 'గుడ్ మార్నింగ్' అంటే 'దేనికి?' అని కస్సుమన్నాడు. పాత భయం కూడా గుండెల మీదికొచ్చి కూర్చుంది.

ఒక ఉదయం షోకేసు ముందు జనం ఆగి చూస్తుంటే అతనికి ఊపిరాడలేదు. బొమ్మలన్నిటినీ గోడవైపు తిప్పేసి, వాటి వెనక నేలమీద ముడుచుకుని కూర్చున్నాడు.

జనం రెట్టింపయ్యారు. వీపులే కనబడుతున్న బొమ్మల్ని చూసి, ముందువైపు ఎలా ఉంటుందో తెలుసుకుందామని కొట్లోకి ఎగబడ్డారు. మధ్యాహ్నానికి రెయిన్‌కోట్లన్నీ అమ్ముడైపోయాయి. ఓనరు ఉబ్బితబ్బిబ్బయి, "షోకేసూ! నువ్వు జీనియస్‌వయ్యా! రేపు తలకిందులుగా పెట్టు!" అని అరుస్తున్నాడు.

షోకేసు బొమ్మల వెనక మోకాళ్లలో తల దాచుకున్నాడు.

కాఫీ వేళకు ఆమె వచ్చింది. బొమ్మల మధ్య నుంచి దూరి, అతని ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ దేనికి...?"

"మీకింకేం పన్లేదా?" అన్నాడు అతను. "రోజూ వచ్చి నా ఏడుపు చూసి నవ్వుకోవడమేనా?"

ఆమె ముఖం మాడిపోయింది. లేచి వెళ్లిపోయింది. రోడ్డు సగం దాటింది. అక్కడ ఆగింది. ఒక లారీవాడు హారను కొట్టినా కదల్లేదు. తర్వాత వెనక్కి తిరిగి అంతే వేగంగా వచ్చింది.

"అది మీరు మాట్లాడే మాట కాదు. మాత్ర ఎప్పుడు మానేశారు?"

"మానలేదు."

"నా కళ్లలోకి చూసి చెప్పండి. రోజంతా నేను చూసేది కళ్లే."

అతను చూడలేకపోయాడు. "మీ కోసమే మానేశా" అన్నాడు, తల వంచుకుని. "మామూలు మనిషినై మీ ముందుకి రావాలని."

"నేనడిగానా? నేనెప్పుడైనా అడిగానా?" ఆమె ఫోను తీసింది. "డాక్టరు నంబరు చెప్పండి."

వైద్యురాలు ఫోనులోనే సూటిగా అడిగింది, "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?" అని. "లేదండీ, చచ్చిపోతానేమో అని భయంగా ఉంది" అన్నాడు. "చావవు. ఇది ఒక్కసారిగా ఆపేసినందుకు శరీరం చేస్తున్న గొడవ. అదొక్కటే కాకపోవచ్చు కూడా, నేను నిన్ను చూడాలి. వెంటనే రా. ఒంటరిగా రాకు."

ఆమె వెంటనే తీసుకెళ్లింది. వైద్యురాలు తిట్టలేదు. పరీక్ష చేసి, ఆపేముందు వేసుకున్న డోసే మళ్లీ మొదలుపెట్టించింది. అది కుదురుకున్నాక, ఈసారి ఇంకా చిన్న చిన్న మెట్లుగా దిగుదామంది. తర్వాత బాబాయిని పిలిపించి తలుపేసింది. లోపల ఏం జరిగిందో తెలియదు గానీ, మర్నాటి నుంచి బాబాయి మాత్ర వేళకు మంచినీళ్ల గ్లాసుతో కాపలా సైనికుడిలా నిలబడేవాడు. మింగాక నోరు తెరిచి చూపించమనేవాడు కూడా.

*

తల జివ్వుమనడం ఆగింది. నిద్ర దారికొచ్చింది. బొమ్మలు మళ్లీ వీధివైపు తిరిగాయి. ఓనరు మాత్రం తలకిందుల ఆలోచన వదులుకోలేక రోజూ బతిమాలుతున్నాడు.

కొన్ని నెలలకు డోసు మరో మెట్టు దిగిన రోజున, క్లినిక్ నుంచి ఇద్దరూ ఒకే గొడుగు కింద నడుస్తున్నారు. వాన గొడుగు మీద కన్నా వాళ్ల బయటి భుజాల మీదే ఎక్కువ పడుతోంది.

"మీకో విషయం చెప్పాలి" అన్నాడతను. "కానీ ఇప్పుడు కాదు. డోసు సున్నా అయ్యాక."

"సున్నా ఎప్పటికి?"

"ఏడాది పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కొందరు చిన్న డోసు దగ్గరే హాయిగా ఆగిపోతారట, అదీ మంచిదేనట. 'నీ పెళ్లి తేదీ నా ప్రిస్క్రిప్షన్ మీద రాయమనకు' అన్నారు డాక్టరుగారు."

"పెళ్లా?" ఆమె ఆగిపోయింది. "అంటే నాకు చెప్పకుండా మీ డాక్టరుకి చెప్పేశారన్నమాట!"

"బాబాయికి కూడా... ఓనరుకి కూడా..."

"బొమ్మలకి?"

"వాటికే ముందు చెప్పా."

ఆమె గొడుగు లాక్కుంది. అతను నిలువునా తడిశాడు.

"అయితే నేనే చెప్తా వినండి. మీరంటే నాకిష్టం. నాకే డోసూ లేదు కాబట్టి ఇందులో అనుమానాలేం పెట్టుకోకండి. సున్నా అయినా ఇష్టమే, కాకపోయినా ఇష్టమే. ఇంకేమైనా అభ్యంతరాలున్నాయా?"

"మీ నాన్నగారు ఒప్పుకోరు. మాత్రలేసుకునేవాడికి..."

"పదండి, ఇప్పుడే అడుగుదాం" అని అతని చొక్కా పట్టుకుని వాళ్ల నాన్న నడిపే కళ్లద్దాల కొట్లోకి ఈడ్చుకెళ్లింది. నీళ్లోడుతున్న అల్లుణ్ని తండ్రి ముందు నిలబెట్టి, మొత్తం ఒక్క ఊపులో చెప్పేసింది.

అద్దాలాయన తుడుస్తున్న లెన్సు తుడుస్తూనే విన్నాడు.

"డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నావా?"

"మధ్యలో ఒకసారి సొంత తెలివి వాడానండీ. ఇప్పుడు చెప్పినట్టే."

"నాకు షుగరు మాత్ర. వాళ్లమ్మకి బీపీ మాత్ర. ఆ సంగతి వదిలెయ్. నా అభ్యంతరం వేరే ఉంది." ఆయన లెన్సు కింద పెట్టాడు. "నీ ముక్కు మీదున్న ఆ కళ్లజోడు ఎక్కడ కొన్నావు?"

షోకేసు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆన్‌లైన్లోనండీ."

అద్దాలాయన కుర్చీలో కూలబడ్డాడు. "ఎదురుగా కొట్టుంది. రోజూ నా కూతురితో కాఫీ తాగుతున్నాడు. ఆన్‌లైన్లోనట!"

కాసేపటికి ఆయనే లేచి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దీపం ఆర్పి, ఒక్కో లెన్సూ మారుస్తూ కోపంగా పరీక్ష చేశాడు. "నంబరు పూర్తిగా తప్పు! ఇన్నాళ్లూ ఏం చూశావయ్యా నువ్వు?" అని గొణిగాడు. చివరికి సరైన అద్దాలు బిగించి, దీపం వేసి, కూతురివైపు చెయ్యి చూపించాడు.

"ఇప్పుడు చూడు. మా అమ్మాయి ఎలా కనబడుతోంది?"

షోకేసు చూశాడు. తడిసిన జుట్టు, నడుం మీద చేతులు, ఎర్రబడ్డ ముక్కు. ప్రతి గీతా స్పష్టంగా ఉంది.

"చాలా కోపంగా ఉందండీ" అన్నాడు.

"నంబరు కరెక్టే" అన్నాడు అద్దాలాయన. "ఇక జీవితాంతం ఇలాగే కనబడుతుంది. ఫ్రేము ఎంచుకో, అల్లుడూ."