ఒంటి ఓటు ఇల్లు

"మీరు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు" అంది ఆ అమ్మాయి, నా మొహంలోకి సూటిగా చూస్తూ.

"నేనా? మీ ఎదురుగానే ఉన్నాను కదండీ!"

"ఇక్కడ ఉన్నారు. మీ ఇంట్లో లేరు. మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ తాళమే. అందుకే లిస్టులోంచి మీ పేరు తీసేశాం."

మోవాలో ప్రభుత్వ బడి వరండా అది. కార్పొరేషన్ ఎన్నికలకి ఇంకో రెండు నెలలున్నాయి. ఆమె పేరు ఫణిశ్రీ. ఆ బడిలోనే టీచరు. మా వీధుల ఓటర్ల జాబితా సరిచూసే డ్యూటీ కూడా ఆమె మీదే పడింది. హిందీవాళ్ళ ఊరు కదా అని నేను హిందీలో గొడవ మొదలుపెడితే, నా పేరు మోహనకృష్ణ అని చూసి తెలుగులోకి దిగింది.

"ఉర్లాలో స్టీల్ ఫ్యాక్టరీలో నాది నైట్ డ్యూటీ అండీ. పగలు పడుకోవాలి. ఎవరూ తలుపు కొట్టకుండా ముందు తలుపుకి తాళం వేసి, వెనక తలుపులోంచి లోపలికి వెళ్ళి పడుకుంటాను. నైట్ డ్యూటీవాళ్ళందరం అంతే."

"అంటే నేను ఎండలో నిలబడి పిలుస్తుంటే మీరు లోపల గురక పెడుతున్నారా?"

"నాకు గురక రాదండీ."

"ఎవరు చెప్పారు?" అంటూ నవ్వింది.

చెప్పడానికి ఆ ఇంట్లో రెండో మనిషి ఉంటే కదా!

ఆమె నవ్వు ఆపేసి ఒక ఫారం ఇచ్చింది. "మళ్ళీ చేర్పిద్దాం. మీరు అక్కడే ఉంటున్నారని పక్కింటివాళ్ళెవరితోనైనా సంతకం పెట్టించుకు రండి, చాలు."

చాలు అని ఎంత తేలిగ్గా అనేసింది!

పక్కింటి దాలమ్మగారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ ఇంట్లో మనిసున్నాడేటి?" ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఎప్పుడూ తాలమే కదా బాబూ! నాను సూడని మనిసికి సంతకం ఎలా ఎట్టీగల్ను?"

ఎదురింటి అచ్చయ్యగారు మా కాలనీ తెలుగువాళ్ళకి పెద్ద. ఎవరు పోటీ చేసినా ఆయన వెంటే తిరగాలి. ఆయన్నీ సంతకం అడిగాను.

"పూరా కాలనీ నా మాట మీదే ఓటేస్తాది. నాలుగోట్ల ఇల్లయితే కేండిడేట్‌ని లోపల కూకోబెట్టి చాయ్ తాగిస్తాను. రెండోట్లయితే గుమ్మంలో దండం. నీది ఒంటి ఓటు. ఆ ఇంటికి ఎవులెల్తారు, సెప్పు? నువ్వుంతన్నావని నాకెలా తెలుస్తాది?"

ఆ ఒక్కటీ కూడా పోయిందని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. నాలుగేళ్ళుగా ఉంటున్నాను ఆ ఇంట్లో. నేనున్నానని చెప్పే మనిషి ఒక్కరు దొరకలేదు. ఇంటికొచ్చి వెనక తలుపు వేసుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మర్నాడు ఖాళీ ఫారం తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. "ఎవరికీ తెలియదటండీ. వదిలేయండి. ఒక్క ఓటు కోసం ఇంత గొడవెందుకు?"

ఫణిశ్రీ ఫారం వైపు చూడలేదు.

"పోయినసారి బూత్‌లో కూర్చుని గమనించాను. నాలుగు ఓట్ల ఇంటివాళ్ళు ఆటో కట్టించుకుని వస్తారు. ఇద్దరుంటే ఒకళ్ళనొకళ్ళు లాక్కొస్తారు. ఒక్కళ్ళే ఉన్నవాళ్ళు రారు. 'పద, వెళ్దాం' అనేవాళ్ళు లేక రారు, అంతే."

"మీకెలా తెలుసు?"

"మాదీ ఇప్పుడు ఒంటి ఓటు ఇల్లే." ఆమె చేతిలో ఎర్ర పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. "నాన్న రైల్వే గార్డు. పోయిన ఏడాది పోయారు. ఆయన పేరు నేనే కొట్టేశాను. నా డ్యూటీ కదా! పక్కన సంతకం కూడా నాదే."

పెన్ను మూత పెట్టేసి, నా ఖాళీ ఫారం తన సంచిలో పెట్టుకుంది.

"రేపు పదింటికి వస్తాను. ముందు తలుపు తీసి ఉంచండి" అంది.

డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని, ముందు తలుపు తీశాను. అది కూడా నమ్మలేనట్టు కిర్రుమంది. ఫణిశ్రీ సరిగ్గా పదింటికి దాలమ్మగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"చూడండి పిన్నిగారూ, మనిషి ఉన్నాడు."

దాలమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏటి బాబూ ఇంత సన్నగున్నావు! రోజూ ఏటి తింతన్నావు?" అంటూనే సంతకం పెట్టేసింది.

ఓట్ల రోజు డ్యూటీ నుంచి తిన్నగా బడికే వెళ్ళాను. ఏడున్నర. బూత్ బయట బల్ల దగ్గర కూర్చుని ఫణిశ్రీ చీటీలు రాస్తోంది.

"ఒంటి ఓటు ఇళ్ళవాళ్ళు రారన్నారు?"

"ఒకడు నా లెక్క చెడగొట్టాడు" అంది, నవ్వు దాచుకుంటూ.

"మీరు వేశారా?"

"లేదు." తల వంచుకుని చీటీలు సర్దింది. "నన్నెవరూ పిలవలేదు."

"పదండి, వెళ్దాం."

ఆమె చటుక్కున తలెత్తింది. కళ్ళలో నీళ్ళు. బల్ల పక్క టీచరుకి అప్పగించి, నా పక్కనే ఆడవాళ్ళ లైన్‌లోకి వచ్చింది.

బయటికొచ్చాక సిరా ఆరేదాకా గోడ పక్కన నిలబడ్డాం. ఇక ఆగలేకపోయాను.

"వచ్చే లిస్టు నాటికి మన రెండు ఇళ్ళలో ఒకటి నిజంగానే ఖాళీ చేద్దామా?"

ఆమె వేలికున్న సిరా మరకని చూసుకుంటూ అంది.

"అలా చెప్పగానే రాసెయ్యడానికి లేదు. రూల్ ప్రకారం మూడుసార్లు ఇంటికొచ్చి చూడాలి. మళ్ళీ తాళం కనిపించిందో..."

మొదటిసారి ఆ ఆదివారమే వచ్చింది. ముందు తలుపు పొద్దున్నుంచీ తీసే ఉంచాను.