హ్యాండ్‌బ్యాగులో ఆరు తూటాలు

"మావాడు కోపిష్టే గానీ హంతకుడు కాదండీ," అంది ఎర్నెస్టీన్, తడి కోటు విప్పకుండానే.

డెట్రాయిట్‌లో ఆ ఏడు ఏ వీధిలో చూసినా దొంగల భయమే. ఆమె అక్క వెర్నెల్ తన వంటింట్లోనే, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్న రివాల్వరు తూటాకే చనిపోయింది. అప్పుడు ఆమె దగ్గర ఉన్నది ఎర్నెస్టీన్ కొడుకు రాస్కో ఒక్కడే. పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగు లాక్కోబోయి కాల్చాడని పోలీసులు అతన్ని లోపల వేశారు.

ప్రైవేటు డిటెక్టివ్ టాలివర్ ఆమె చేతికి వేడి కాఫీ ఇచ్చాడు. "రాస్కో ఏమంటున్నాడు?"

"మజ్జిగ తెస్తానని పెద్దమ్మ లేచిందట, ఢామ్మందట. ఆ ముక్క ఎవరు నమ్ముతారు?"

మర్నాడు ఆ వంటింట్లో అందరూ కూడారు. వెర్నెల్ భర్త ఏమస్ గోడకానుకుని నిలబడ్డాడు. సార్జెంట్ కోవాల్ బ్యాగునూ, ఖాళీ చేసిన రివాల్వరునూ బల్లమీద పెట్టాడు. బ్యాగు పక్కన కాలిన రంధ్రం ఉంది.

"తూటా ఎలా వెళ్ళింది, సార్జెంట్?" అడిగాడు టాలివర్.

"డొక్కలో దూరి పైకెళ్ళి, భుజం దగ్గర ఆగింది."

"అయితే రాస్కో నేలమీద పడుకుని కాల్చాడా?"

"పెనుగులాటలో ఏమైనా జరగొచ్చు. అన్నట్టు, మావాళ్ళు పరీక్షకి కాలిస్తే రెండుసార్లు పేలనే లేదు. డొక్కు సరుకు."

టాలివర్ ఏమస్ వైపు తిరిగాడు. "ఎక్కడ కొన్నారు?"

"మంగలి షాపు వెనక ఎవడో కారు డిక్కీలో పెట్టి అమ్ముతుంటే. మంచిది కొనే తాహతు నాకేది? వట్టి చేతుల కంటే నయం కదా."

"తూటాలు?"

"ఆరింటికి ఆరూ నేనే నింపాను. ఒకటి తక్కువ పెట్టడానికి నేనేం పిచ్చివాడినా?"

టాలివర్ బల్లమీది బ్యాగును చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ఎర్నెస్టీన్‌ని అడిగాడు. "మీ అక్క బ్యాగు నేలమీద పెట్టేదా?"

"అమ్మో! నేలమీద పెడితే ఇంట్లో డబ్బు నిలవదని మా అమ్మ వీపు చీరేసేది. ఇంట్లో ఉంటే కుర్చీకి తగిలించేది."

టాలివర్ రివాల్వరును బ్యాగులో వేసి, బ్యాగును తేలికపాటి కుర్చీ వీపుకు తగిలించాడు. "కూర్చుని, గబుక్కున లే, వెండెల్."

అసిస్టెంటు వెండెల్ లేవగానే ఆ బరువుకు కుర్చీ వెనక్కి ఒరిగింది. బ్యాగు దభీమని నేలను తాకింది. టాలివర్ దాని లోపలి అస్తరు పైకి తీశాడు. అడుగున తోలుకు ఇప్పుడు పడినది కాని పాత సొట్ట ఒకటి ఉంది.

"ఆవేళ మొదట నేలకు తగిలింది రివాల్వరు సుత్తి, అంటే వెనకనుంచి తూటాను కొట్టే ముక్క. మంచి రివాల్వరైతే ఆ దెబ్బ తూటాకు తగలకుండా లోపల అడ్డు ఉంటుంది. దీనికి లేదు. అందుకే పాతకాలం వాళ్ళు సుత్తి కిందికి వచ్చే తూటా గదిని ఖాళీగా వదిలేవారు."

వెండెల్ కళ్ళు మెరిశాయి. "అయితే కాల్చిందెవరూ లేరన్నమాట!"

"లేరు. దొంగ వచ్చిననాడు పేలుతుందో లేదో తెలియని వస్తువు, కింద పడిననాడు మాత్రం పేలింది."

వెండెల్ కళ్ళలో మెరుపు చప్పున ఆరిపోయింది. ఏమస్ గోడ వెంబడే జారి కూలబడ్డాడు.

"వాడే చంపాడని పోలీసులకి చెప్పింది నేనే," అన్నాడు.

"తూటాలన్నీ మీరే నింపారని ఇప్పుడు రాసివ్వాలి," అన్నాడు సార్జెంట్, నేల చూపులు చూస్తూ. "అది లేకుండా కుర్రాణ్ణి వదలరు."

ఏమస్ అతి కష్టంమీద లేచాడు. కోటు వేసుకోబోతూ, దాని చేతి కోసం గాలిలో తడుముకుంటున్నాడు. ఎర్నెస్టీన్ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి, అతని చేతిని పట్టుకుని కోటులోకి దూర్చింది.

"పద బావా," అంది. "వాడు అన్నం తిని ఎన్నాళ్ళయిందో."